మేడ మీద బిట్‌కాయిన్ గనా?

పెద్దోడా, ఆ ఫోటో ఏదీ, ఇటు చూపించు. బిట్‌కాయిన్ తవ్వే మిషన్, ఆంట్‌మైనర్ ఎస్9, అదీ సెకండ్ హ్యాండ్. "ఇంత చవగ్గా మళ్లీ దొరకదు తాతయ్యా, మేడ మీద గది ఖాళీగానే ఉందిగా" అంటున్నావు. గది సంగతి తర్వాత చూద్దాం. అంత చవగ్గా ఎందుకిస్తున్నాడో అమ్మేవాణ్ణి అడిగావా?

ఆ పెట్టెకు వచ్చిన పని ఒక్కటే. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కను పగలూ రాత్రీ చేస్తూ పోవడం. కొత్త బ్లాకు వివరాలకు ఏదో ఒక అంకె చేర్చి లెక్క కడుతుంది. జవాబు నెట్‌వర్కు పెట్టిన హద్దు కంటే చిన్నదైతే బహుమతి, లేకపోతే అంకె మార్చి మళ్లీ మొదలు. తెలివితో పనిలేదు, వేగమే కావాలి. 2009లో దీనికి మామూలు కంప్యూటరే సరిపోయేది. తర్వాత గ్రాఫిక్స్ కార్డులు దిగాయి. 2013 నుంచి ఈ ఒక్క లెక్క కోసమే తయారుచేసిన ఏసిక్ చిప్పులొచ్చి వాటినీ పక్కకు నెట్టేశాయి. గ్రాఫిక్స్ కార్డు పాతబడినా నీ చెల్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటుంది. ఏసిక్ మిషన్ పాతబడితే పాత సామాన్ల బండికి వేయాల్సిందే.

ఎన్ని మిషన్లు చేరినా ఎక్కువ నాణేలేమీ రాలవు. బ్లాకు సగటున పది నిమిషాలకొకటి. మిషన్లు పెరిగితే, ప్రతి 2016 బ్లాకులకోసారి లెక్క దానంతటదే కష్టమవుతుంది. బ్లాకు బహుమతి మొదట్లో 50 నాణేలు, సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కి దిగింది. అంటే ప్రపంచం మొత్తానికి రోజుకు 450. అందులో నీ వాటా ఎంతన్నదే ప్రశ్న.

మా నాన్న గేదెను బేరం చేసేటప్పుడు ధర ఆఖర్న అడిగేవాడు. ఎంత మేస్తుంది, ఎన్ని లీటర్లిస్తుంది అన్నదే ముందు. ఇక్కడ మేత కరెంటు. లక్ష కోట్ల లెక్కల్ని టెరాహాష్ అంటారు. 2013లో వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్1 ఒక టెరాహాష్‌కు 2000 జౌళ్లు తినేది. 2016 నాటి నీ ఎస్9 సుమారు 100 తింటుంది. 2020లో వచ్చిన ఎస్19 ప్రో ముప్పైకి కాస్త తక్కువ, ఆ తర్వాతి ఎస్21 పదిహేడున్నర. మిషన్ కొనేవాడు చూడాల్సింది ఈ అంకె. ధర చీటీ కాదు.

కాగితం తీసుకో. నెట్‌వర్కులో మొత్తం వేగం సెకనుకు 60 కోట్ల టెరాహాష్‌లు, నాణెం ధర 50 లక్షల రూపాయలు అనుకుందాం. రోజుకు 450 నాణేలంటే 225 కోట్లు. దాన్ని 60 కోట్లతో భాగించు. ఒక్కో టెరాహాష్ వేగానికి రోజుకు మూడు రూపాయల డెబ్భై అయిదు పైసలు. నీ ఎస్9 వేగం 14 కాబట్టి రోజుకు యాభై రెండు రూపాయలొస్తాయి. తినేది 33 యూనిట్లు. మన ఇంటి బిల్లు ఎలాగూ పై శ్లాబుకు ఎక్కుతుంది, యూనిట్ దాదాపు పది రూపాయలు. 330 ఖర్చుపెట్టి 52 సంపాదిస్తావన్నమాట! వాడు ఊరికే ఇచ్చినా ఖరీదే.

పోనీ కొత్త ఎస్21? వేగం 200, రాబడి 750. తినేది 84 యూనిట్లు, అంటే 840 రూపాయలు. ఇంకా మిషన్ ధర కలపలేదు. "ధర పెరిగితే?" అంటావా? పెరగనీ. ఆ రోజున మూలన పడేసినవాళ్లంతా మిషన్లు మళ్లీ ఆన్ చేస్తారు, లెక్క కష్టమై నీ వాటా సన్నగిల్లుతుంది.

ఇప్పుడు గదికొద్దాం. మిషన్ తిన్న కరెంటంతా చివరికి వేడే అవుతుంది. ఎస్21 తినేది మూడున్నర కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ బయటికి తోడేసే వేడి కూడా దాదాపు అంతే. మే నెలలో ఆ రేకుల గదిలో మిషన్‌కొక టన్ను ఏసీ, దాని కరెంటు మళ్లీ వేరే! అందుకే పెద్ద కేంద్రాలవాళ్లు ఏసీల జోలికి పోరు. షెడ్డు మధ్యలో అడ్డుగోడ కట్టి ఒకవైపునుంచి చల్లగాలి పీల్చి, రెండోవైపుకు వేడిగాలి తోసేస్తారు. ఆ వేడిగాలి చుట్టూ తిరిగి మళ్లీ లోపలికి రాకుండా చూడడమే అక్కడ సగం ఇంజనీరింగు. కొందరు మిషన్లను కరెంటు పారని నూనెలో ముంచి పెడతారు. ఫ్యాన్ల రొద 75 డెసిబెల్స్ దాకా ఉంటుంది. పక్కింటివాళ్లతో గొడవలు నాకొద్దు.

ఆరితేరినవాళ్లు ముందు మిషన్ కొనరు, చోటు వెతుకుతారు. ఎవరికీ అక్కర్లేని కరెంటు ఎక్కడుందా అని. చైనా 2021లో ఈ వ్యాపారాన్ని నిషేధించక ముందు, వానాకాలంలో సిచువాన్ జలవిద్యుత్తు దగ్గరికి, నదులు తగ్గగానే షిన్‌జియాంగ్ బొగ్గు కరెంటు దగ్గరికి లారీల్లో మిషన్లు తరలించేవాళ్లు. మన పొరుగునున్న భూటాన్‌కు వానాకాలంలో నదుల కరెంటు మిగులు, చలికాలంలో మన దగ్గర కొనుక్కోవాల్సిందే. ఆ దేశ ప్రభుత్వ సంస్థే ఈ తవ్వకం చేస్తోంది.

నాకు బాగా నచ్చింది టెక్సస్‌లో రాక్‌డేల్ కథ. అక్కడ ఆల్కోవా వాళ్ల అల్యూమినియం కర్మాగారం మూతపడింది. దాని కోసం వేసిన హై టెన్షన్ లైన్లు మిగిలాయి. రయట్ కంపెనీ మిషన్లు ఆ స్థలంలో నడుస్తున్నాయి. షెడ్డు ఎవడైనా వేస్తాడు, సబ్‌స్టేషన్ తేవడమే కష్టం. 2023 ఆగస్టులో ఎండలు మండి అందరి ఏసీలూ తిరుగుతుంటే, ఆ కంపెనీ మిషన్లు ఆపి గ్రిడ్‌కు కరెంటు వదిలింది. అందుకు వచ్చిన క్రెడిట్లు 3 కోట్ల 17 లక్షల డాలర్లు. ఆ నెల తవ్విన 333 నాణేల విలువ అందులో మూడో వంతు కూడా లేదు! గని ఆపితేనే ఎక్కువ లాభం. న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్‌లో కథ తిరగబడింది. చవక జలవిద్యుత్తు కోసం మైనర్లు దిగితే ఊరి కోటా దాటిపోయి, చలికాలం హీటర్ల బిల్లులు జనం నెత్తిన పడ్డాయి. 2018లో కొత్తవాటికి తాత్కాలికంగా తలుపు మూసేశారు.

సోలార్ పెడదామా అని నీ చెల్లి అడుగుతోంది. మంచి ప్రశ్నే తల్లీ. ఒక కిలోవాట్ పలకలు మన దగ్గర రోజుకు సుమారు నాలుగు యూనిట్లిస్తాయి. 84 యూనిట్లకు 21 కిలోవాట్లు, రెండు వేల చదరపు అడుగుల పైన కప్పు కావాలి. రాత్రికి బ్యాటరీలు సరేసరి. ఎండ గట్టిగా ఉన్నంతసేపే నడుపుదామంటే, అంత పెట్టి కొన్న మిషన్ ముప్పాతిక రోజు నిద్రపోతూనే పాతబడుతుంది.

పన్నుల మాట కూడా విను. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆస్తుల మీద లాభంలో 30 శాతం పన్ను. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తగ్గించుకోనివ్వరు. మైనింగ్ ఏర్పాట్లకు పెట్టిన ఖర్చు కొన్న ధర కిందికి రాదని పార్లమెంటులోనే చెప్పారు. 750 వస్తే 225 పన్ను, కరెంటు బిల్లు నీ తిప్పలు.

నేర్చుకోవాలని సరదా ఉంటే బిటాక్స్ అని అరచేతిలో పట్టే బోర్డొకటి ఉంది. పెద్ద మిషన్లలో వాడే చిప్పు అందులో ఒక్కటే ఉంటుంది. వేగం 1.2 టెరాహాష్‌లు, తినేది 17 వాట్లు, రోజుకు అర యూనిట్ లోపే. ఫోన్ ఛార్జర్ పక్కన పెట్టుకో, నేనేమీ అనను. ఇందాకటి లెక్క ప్రకారం సగటున తొమ్మిదిన్నర వేల ఏళ్లకు ఒక బ్లాకు దొరుకుతుంది. దొరికిన రోజు మాత్రం ముందు నాకు చెప్పు.