నూనె చుక్క జాడ

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట వీథులలో బహుకాలము తిరిగిన కార్లలో అంబాసిడర్ అందరెరిగినది. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును మాదిరిగా గైకొని, హిందూస్థాన్ మోటార్స్ వారు దీనిని పశ్చిమ బెంగాలునందలి ఉత్తర్‌పారాలో నిర్మించిరి. 1950 దశకము చివర మొదలైన ఈ నిర్మాణము 2014లో నిలిచిపోయినది. అయినను పాత కార్లు పూర్తిగా కనుమరుగు కాలేదు. వాటి యజమానులను తరచు బాధించు చిక్కు యొకటి కలదు. రాత్రి కారు నిలిపిన చోట తెల్లవారునప్పటికి నేలపై నల్లని మరక యుండును. ఇంజను నూనె ఎక్కడనో కారుచున్నదని దాని యర్థము. ఆ యెక్కడనో యన్న దానిని కనిపెట్టుటయే అసలైన పని.

ఇంజనులో నూనె చేయు మేలు చాల గొప్పది. కారు వేగముగ పోవునపుడు ఇంజనులోని క్రాంకు షాఫ్టు నిమిషమునకు 3000 చుట్లు, అనగా సెకనుకు 50 చుట్లు తిరుగవచ్చును. ఆ షాఫ్టునకును, దానిని మోయు బేరింగులకును నడుమ వెండ్రుకకన్న పలుచని నూనెపొర యుండును. ఆ పొర యున్నంతవరకు లోహము లోహమును తాకదు. నూనె రాపిడిని తగ్గించుటయే గాక, లోపలి వేడిని కొంత తీసికొనిపోవును. మసిని తనలో కలుపుకొనును. అందువలననే కొంతకాలమునకు అది నల్లబడును.

నూనె తగ్గిపోయినచో పంపునకు నూనె అందదు. నూనెపొర తెగిపోవును. బేరింగుల మెత్తని లోహము కొద్ది నిమిషములలోనే కరగి, షాఫ్టు బిగిసికొని పోవచ్చును. అద్దెకారు నడుపువానికి ఇది సామాన్యమైన నష్టము కాదు. ఇంజను విప్పి బాగుచేయించువరకు అతనికి రాబడి యుండదు. ఖర్చు మాత్రము మీదపడును. కాబట్టి నడుచుచుండగా నూనె ఒత్తిడిని తెలుపు ఎఱ్ఱదీపము వెలిగినచో, మరికొంత దూరము పోవుదమని తలంపక, వెంటనే ఇంజను ఆపవలెను.

చుక్కయే కదాయని కొందరు ఉపేక్షింతురు. సుమారు 20 చుక్కలు కలిసినచో ఒక మిల్లీలీటరగును. సెకనుకొక చుక్క చొప్పున కారినచో గంటకు 3600 చుక్కలు, అనగా 180 మిల్లీలీటర్లు పోవును. వరంగల్లు నుండి సుమారు 145 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదునకు నాలుగు గంటల ప్రయాణమనుకొనినచో, చేరునప్పటికి 720 మిల్లీలీటర్లు తగ్గును. ఇంజనులో పట్టునది సుమారు నాలుగు లీటర్లే. అదియును గాక, నిలిచియున్న కారు కన్న నడుచుచున్న కారు ఎక్కువ కార్చును. వేడిచేత నూనె పలుచబడుటయు, లోపల ఒత్తిడి పెరుగుటయు అందుకు కారణములు.

మొదట కారినది ఏ ద్రవమో తెలిసికొనవలెను. కారు క్రింద రాత్రి ఒక తెల్లని అట్టముక్క పరచి యుంచినచో ఉదయమున జవాబు దొరకును. ఇంజను నూనె గోధుమవన్నెగనో నల్లగనో యుండి వ్రేళ్ళకు జారును. గేరుపెట్టె నూనె చిక్కగ నుండి ఘాటుగ వాసన కొట్టును. బ్రేకు నూనె పలుచగ నుండును. బ్రేకు నూనె కారినట్లు తోచినచో కారును కదల్పనే రాదు. అది ప్రాణములకు సంబంధించిన విషయము.

తరువాత జాడ తీయవలెను. చుక్క పడిన చోటికి సరిగా పైననే లోపమున్నదని తలచుట చాలమంది చేయు పొరపాటు. కాకతీయుల నాటి పాఖాల, రామప్ప చెరువులవంటి పెద్ద చెరువుల కట్టలను కాపాడువారికి ఒక సంగతి తెలియును. కట్ట అడుగున ఊట కనబడినంత మాత్రమున రంధ్రము అక్కడనే యుండదు. నీరు లోలోపల దారి చేసికొని దూరముగ బయటపడును. ఇంజను నూనెయు నట్టిదే. అది పైనుండి క్రిందికి జారును; ముందున్న పంకా గాలికి వెనుకకు కొట్టుకొనిపోవును. ఇంజను తలపై నున్న టాపెట్ కవరు నుండి కారిన నూనె వెనుకగా జారి, క్లచ్చు దగ్గర చుక్కయై పడవచ్చును. అది చూచి గేరుపెట్టెను దింపించినవాడు వ్యర్థముగ డబ్బు పోగొట్టుకొనును.

కాబట్టి అనుభవజ్ఞుడైన మేస్త్రీ వెంటనే పానా పట్టడు. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, ఆరుబయట, దగ్గర నిప్పు లేకుండ చూచుకొని, కిరసనాయిలుతోను కుంచెతోను ఏండ్లనాటి జిడ్డును కడుగును. తుడిచి, బాగుగ ఆరనిచ్చి, అనుమానమున్న అతుకులపై సన్నని సుద్దపొడి చల్లును. పిదప హనుమకొండ నుండి వరంగల్లు కోట దాకా పోయి వచ్చినంత దూరము నడిపి, దీపము పట్టి చూచును. పొడి తడిసిన చోట్లలో అన్నిటికన్న పైనున్నదియు, ముందున్నదియు నూనెకు పుట్టిల్లు.

విప్పుటకు ముందు చూడవలసిన దింకొకటి కలదు. పిస్టన్ల ప్రక్కనుండి కొంత వాయువు క్రాంకు షాఫ్టు తిరుగు గదిలోనికి దిగును. అది బయటికి పోవుటకు ఒక ఊపిరి గొట్టముండును. ఆ గొట్టము మసిచేత మూసికొనిపోయినచో లోపల ఒత్తిడి పెరిగి, ప్రతి అతుకునుండియు నూనెను బయటికి నెట్టును. అట్టి యింజనుకు ఎన్ని క్రొత్త ప్యాకింగులు వేసినను ప్రయోజనముండదు. గొట్టమును శుభ్రము చేసినంతనే కొన్ని కార్లలో కారుట తగ్గిపోవును.

అంబాసిడర్‌కు బహుకాలము అమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో టాపెట్ కవరును రెండు నట్లు బిగించి పట్టును. కవరు క్రింద బెండు ప్యాకింగు ఉండును. ఏండ్ల తరబడి వేడికి బెండు గట్టిపడి పగులును. నూనె కారుచున్నదని నట్లను మరింత బిగించినచో బెండు నలుగును, రేకు కవరు వంగును, కారుట అధికమగును. కవరు తీసి, పాత బెండును ఇంజనులో పడకుండ గీకి, వంగిన అంచును చదును చేసి, క్రొత్త ప్యాకింగు నుంచి, రెండు నట్లను మార్చి మార్చి కొంచెము కొంచెముగ బిగించుట సరియైన పద్ధతి. నట్ల క్రిందనున్న రబ్బరు బిళ్ళలనుగూడ మార్చవలెను.

నూనె వడపోత అతుకు, ఛాంబరు క్రింది బిరడా వాషరు, ముందరి కప్పి వెనుకనున్న ఆయిల్ సీలు పరీక్షింపవలసిన ఇతర స్థలములు. సీలు క్రొత్తదైనను, అది రాచుకొను కప్పి మెడపై గాడి పడియున్నచో కారుట ఆగదు. అపుడు కప్పిని గూడ బాగుచేయవలెను.

ఈ ఇంజను వెనుకభాగమున రబ్బరు సీలు లేదు. షాఫ్టుపైననే మరవంటి గాడి చెక్కబడినది. తిరుగునపుడు అది నూనెను లోపలికి త్రోసివేయును. ఆగినపుడు ఒకటిరెండు చుక్కలు జారనిచ్చును. ఇది ఆ నిర్మాణమునకు సహజము. ఈ కొద్దిపాటి చుక్కలకై ఇంజను దింపించుట వివేకము కాదు. నేల చదునుగ నున్న చోట కారు నిలిపి, వారమున కొకసారి కొలబద్ద తీసి నూనెమట్టము చూచినచో చాలును. ఎక్కువగ కారి క్లచ్చు జారునపుడు మాత్రము ఇంజనో గేరుపెట్టెయో దింపక తప్పదు.

బాగుచేయునపుడు దింపిన పాత నూనెను మురుగుకాలువలో పోయరాదు. అది నీటిపై పొరగా వ్యాపించి, గాలిలోని ప్రాణవాయువు నీటిలో కలియకుండ అడ్డగించును. కాలువలో పోసినది నేడో రేపో ఏ చెరువునకో చేరును. దానిని డబ్బాలో పోసి, వాడిన నూనెను శుద్ధిచేయువారికి అందజేయవలెను.

కడుగుట, చూచుట, జాడ తీయుట, పిదప విప్పుట; ఈ క్రమమున చేసిన పనికి కిరసనాయిలు, సుద్దపొడి, కొంత ఓపిక కావలెను. క్రమము తప్పి చేసినచో మంచి భాగములు విప్పబడును, డబ్బు వ్యయమగును. మరునాటి ఉదయమున నేలపై ఆ మరక అట్లే యుండును.