కొండ లేని సీమ నుండి కోరుకొండకు
ఒంటరిగా ఒక్కరోజు శిఖర యాత్ర

కొత్తపేట (మా విలేకరి): గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమలో ఎటు చూసినా చదునైన నేలే. ఇక్కడివారికి బాగా తెలిసిన ఎత్తులు రెండే. ఒకటి ఏటిగట్టు, రెండవది కొబ్బరిచెట్టు. 1986 వరదలో లంకవాసులు ఎందరో తలదాచుకున్నది ఆ గట్ల మీదనే. దింపు కార్మికులను మినహాయిస్తే తక్కినవారికి పైకి ఎక్కే అవసరం అంతగా పడదు. అటువంటి సీమ నుండి తెల్లవారుజామున బయలుదేరి, కొండ శిఖరం ఎక్కి, దీపాలవేళకు ఇల్లు చేరవచ్చు. రాజమహేంద్రవరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన, గోకవరం వెళ్లే రోడ్డులో ఉన్న కోరుకొండే ఆ కొండ.

ఈ కొండకూ మన కోనకూ పాత సంబంధమే ఉన్నది. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయిన తరువాత గోదావరి ప్రాంతంలో స్వతంత్రించిన నాయకులలో కొప్పుల వంశీయుడైన ముమ్మడి నాయకుడు ఒకడు. అతని రాజధాని కోరుకొండ. ఏలుబడిలోని సీమలలో కోన కూడా ఒకటి. కొండపైన లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నది. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి జరిగే తీర్థానికి వేలాదిగా జనం వస్తారు. తీర్థం ముగిసి, ఉగాది వెళ్లిన తరువాత కొండ దారి మళ్లీ ఖాళీ అవుతుంది. ఒంటరిగా ఎక్కదలచిన వారికి అదే అనువైన సమయం. అయితే అప్పటికి ఎండలు కూడా ముదురుతాయి. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

తొలి బస్సులో ప్రయాణం

ఈ విలేకరి చైత్రమాసంలో ఒకరోజు తొలి బస్సుకు రావులపాలెం చేరి, జొన్నాడ వంతెన మీదుగా రాజమహేంద్రవరం వెళ్లి, అక్కడ గోకవరం బస్సు పట్టుకోవడం జరిగింది. ఏడున్నరకు కొండ మొదట్లో ఉన్నాము. మైదానం మధ్య రాసిపోసిన ధాన్యపు కుప్పలాగా కొండ ఒంటరిగా నిలబడి ఉంటుంది. పైకి ఆరువందలకు పైగా మెట్లు. ఇవి ఇంటి మెట్లవంటివి కావు. నిటారుగా ఉంటాయి. చదునులో పది మైళ్లు నడవగలిగినవాడికి సైతం వందో మెట్టు దగ్గర పిక్కలు లాగడం మొదలవుతుంది.

తోడు ఉన్నవారు మాట్లాడుకుంటూ ఎక్కుతారు. మాట తెగితే అలసట వచ్చిందని తెలిసి ఆగుతారు. ఒంటరివాడికి ఆ సౌకర్యం లేదు. కనుక మెట్లను పైకి వినిపించేలా లెక్కపెడుతూ ఎక్కడం మంచిది. లెక్క తడబడిన చోట కూర్చోవాలి. ఈ పద్ధతిని పాటించి, నాలుగు చోట్ల ఆగి, తొమ్మిది గంటలలోపే పైకి చేరగలిగాము. పైన గాలి హాయిగా ఉన్నది. చుట్టూ పొలాలు, చెరువులు, ఉత్తరాన మసకగా మన్యం కొండల వరుస. మన లంకల ఒండ్రుమట్టి అటువంటి కొండల నుండి కొట్టుకువచ్చిందేనని పుస్తకాలలో చదివిన మాట అక్కడ నిలబడి చూస్తే మనసుకు పడుతుంది.

సగం దారిలో

దిగుతున్నప్పుడు సగం దారిలో ఏభై ఏళ్లు దాటిన ఒక రైతు బండకు చేరగిలబడి కనిపించారు. చొక్కా తడిసి ముద్దయింది. ముఖం పాలిపోయింది. లంక గ్రామం నుండి వచ్చారట. పొద్దున్న టీ తప్ప ఏమీ తీసుకోలేదు. చేతిలో నీళ్లసీసా కూడా లేదు. ‘‘ఇంట్లో ఏమని చెప్పి వచ్చారు బాబాయిగారూ?’’ అని అడిగితే, ‘‘ఆయ్, రాజమండ్రి మార్కెట్టుకని చెప్పి వచ్చానండి’’ అన్నారు. మరొక గంట గడిచి, అటుగా ఎవరూ రాకపోయి ఉంటే, ఆయన కోసం ఇంటివారు మార్కెట్టులో వెతికేవారు. కొండ సంగతి ఎవరికీ తట్టేది కాదు. నీడకు చేర్చి, తడిగుడ్డ మెడకు చుట్టి, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగించగా అరగంటకు తేరుకున్నారు. తరువాత మెల్లగా దించాము.

ఎంతటివారికైనా

ఒంటరి యాత్ర గురించి చెప్పుకొనేటప్పుడు మల్లి మస్తాన్ బాబును తలచుకోవాలి. నెల్లూరు జిల్లా పల్లెటూరిలో 1974లో పుట్టిన ఆయన, 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించి ప్రపంచ ఖ్యాతి పొందారు. ఆయన చదివిన సైనిక్ స్కూల్ కూడా కోరుకొండలోనిదే. అయితే అది విజయనగరం జిల్లాలోని కోరుకొండ, మనది వేరు. అంతటి అనుభవశాలి 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా శిఖరానికి బయలుదేరి తిరిగి రాలేదు. మార్చి 24 నుండి సంబంధాలు తెగిపోయాయి. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన భౌతికకాయం దొరికింది. ఆయన ఏ కొండకు వెళ్లిందీ తెలుసు గనుకనే వెతికేవారు అక్కడికి చేరగలిగారు. ఆరువందల మెట్ల కొండకైనా ఈ సూత్రం వర్తిస్తుంది.

వెళ్లేవారికి సూచనలు

ఎక్కడికి వెళ్తున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ ఇంట్లో నిజం చెప్పాలి. కొండ కింద దుకాణంలో కూడా ఒక మాట చెప్పడం మంచిది. పది గంటలలోగా దిగివచ్చేలా చూసుకోవాలి. గుడి మెట్లపై చెప్పులు లేకుండా నడిచేవారికి ఆ తరువాత రాయి కాలుతుంది. ఇంతటి చిన్న కొండపై చల్లదనం ఆశించరాదు. వెయ్యి మీటర్లు ఎక్కితేనే ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల చొప్పున తగ్గుతుంది.

ఒక లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి వెంట తీసుకువెళ్లాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరు సలహా లేకుండా ఒంటరిగా ఎక్కరాదు. తల తిరిగినా, మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బగా భావించి వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు చల్లి 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు.

దిగడం తేలిక అనుకోవడం పొరపాటు. మోకాళ్లపై ఎక్కువ భారం పడేది అప్పుడే. నిటారు మెట్లను కాస్త పక్కకు తిరిగి, ఒక్కొక్కటిగా దిగాలి. కొండ దిగి, బస్సెక్కి, ఇంటికి ఫోన్ చేసిన తరువాతనే యాత్ర ముగిసినట్లు లెక్క. సెలవులలో కొండ చూడాలని ఉబలాటపడే మన కుర్రవాళ్లకు పెద్దలు ఈ నాలుగు మాటలు చెప్పి పంపడం శ్రేయస్కరం.