స్థానిక చరిత్ర సంఘములలో వేసవి శిక్షణ

కళాశాలలకు సెలవులిచ్చిన రెండు నెలల కాలమున విద్యార్థులు కొందరు స్థానిక చరిత్ర సంఘములలో చేరి పని నేర్చుకొనుట నేడు పలు దేశములలో వాడుకగా నున్నది. దీనిని ఇంటర్న్‌షిప్ అని వ్యవహరించుచున్నారు. పేరు క్రొత్తదైనను పద్ధతి మనకు పాతదే. పెద్దల చేతిక్రింద పనిచేయుచు పని నేర్చుట మన శిల్పులకును, వ్రాయసకాండ్రకును తరతరముల ఆచారము. అట్టి శిక్షణలో నేర్వదగిన దేమి, దానికి ప్రాణమైన నియమ మేది అను విషయమును వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

తెలుగునాట గ్రామచరిత్రల సేకరణకు మొదటి పెద్ద పాఠశాల కల్నల్ కాలిన్ మెకంజీ నడపిన సర్వే. ఏలూరి వారగు కావలి సోదరులు ఆయన కొలువున చేరునాటికి పడుచువారు. వారిలో వెంకట బొర్రయ్య ప్రాచీన శాసనములు చదువ నేర్చి, ముప్పది యేండ్లు నిండకుండగనే 1803లో కాలధర్మము నొందెను. పిమ్మట లక్ష్మయ్య ఆ భారము వహించెను. మరియొక సోదరుడు వెంకట రామస్వామి 1829లో దక్షిణాపథ కవుల చరిత్రలను ఆంగ్లమున ప్రకటించెను. గ్రామచరిత్రలు సేకరించిన ఇంటినుండియే కవిచరిత్రయు వెలువడుట రచయితలు గుర్తింపదగిన విషయము.

కరణముల దండకవిలెల నుండియు, వృద్ధుల నోటినుండియు ఆనాడు వ్రాసికొన్న కైఫియత్తులలో ఊరిపేరు పుట్టుక, దేవాలయము, చెరువు, ఇనాములు, పంటలు అన్నియు గలవు. కాని ఆ సంచయమునకు మెకంజీ పేరే నిలిచినది. ఆయన 1821లో మరణించిన తరువాత ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరగా, ఏషియాటిక్ సొసైటీవారి అంగీకారము లభింపలేదు. ఊరూర తిరిగి వ్రాసిన సహాయకులలో పెక్కుర పేర్లు నేడు చదువరులకు తెలియవు.

ఇరువదవ శతాబ్దమున ఈ పనిని మనవారు తమంతట తామే చేపట్టిరి. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర నెలకొన్న లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను గ్రంథముగా ప్రకటించినది. సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలు కూడ చరిత్రయే యని నిరూపించిన సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

ఇక శిక్షార్థి నేర్వవలసిన పనులు. మొదటిది శాసనమునకు ఎస్టాంపేజి తీయుట. రాతిని నీటితో కడిగి, తడిపిన దళసరి కాగితమును దానిపై పరచి, అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో మెల్లగా కొట్టి, పైన సిరా అద్దుదురు. నేల నల్లగను, అక్షరములు తెల్లగను తేలును. రెండవది తాళపత్రముల సంరక్షణ. దుమ్ము తుడిచి, నిమ్మగడ్డి నూనె రాచి, ఆకుల వరుస చెడకుండ కట్టవలెను. మూడవది కరణముల గొలుసుకట్టు వ్రాతను చదువుట. ఇది పుస్తకము చూచి అబ్బునది కాదు. తెలిసినవారి ప్రక్కన కూర్చుండి నేర్వవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది తేదీ విషయమున జాగ్రత్త. మన సంవత్సర నామములు అరువదేండ్ల కొకమారు తిరిగి వచ్చును. విశ్వావసు 1965లో వచ్చినది, మరల 2025లో వచ్చినది. శకవర్షము కనబడునెడల దానికి 78 కలిపి క్రీస్తుశకమును ఇంచుమించుగా గుర్తింపవచ్చును. సంవత్సరనామము మాత్రమే వ్రాసి, తాను వ్రాసిన దినమును వేయని శిక్షార్థి, తరువాతివారిని అరువదేండ్ల సందేహమున పడవేయును.

కావున శిక్షణ కంతకును ప్రాణమైన నియమ మొక్కటి: చూచినది చూచినట్లు వ్రాసి, ఎవరు చెప్పిరి, ఎచ్చట, ఏనాడు, ఎవరు వ్రాసికొనిరి అను నాలుగు విషయములను ప్రతి పత్రము పైనను చేర్చవలెను. శిథిలమైన అక్షరమును ఊహతో పూరింపక ఖాళీగా విడువవలెను. సంఘములు కూడ ఆ పత్రమును ప్రకటించునపుడు చెప్పిన వృద్ధుని పేరును, వ్రాసిన విద్యార్థి పేరును ప్రకటింపవలెను. దారిబత్తెము, భోజనపు ఖర్చు ఇయ్యవలెను. లేనిచో ఈ విద్య కలవారి బిడ్డలకే దక్కును. ఏ పల్లెల చరిత్ర వ్రాయదలచితిమో ఆ పల్లెల బిడ్డలు వెలుపలనే నిలిచిపోవుదురు.

ఈ పనికి గడువు చాల తక్కువ. ఆంధ్రప్రదేశమున కరణముల వ్యవస్థ 1984లో రద్దయినది. నాటి కవిలెలు కొన్ని ఇండ్ల అటకలపై మిగిలియున్నను, వాటిని చదువగలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. పాత ఇల్లు పడగొట్టిన దినమున కవిలెకట్ట కూడ చెత్తలో కలియును. దానితోపాటు నిఘంటువు కెక్కని కొలతల పేర్లు, పొలముల పేర్లు, వృత్తిపదములు పోవును. అవి పోయిన పిమ్మట గతకాలపు పల్లెను చిత్రింపబూనిన నవలాకారునకు పలుకు దొరకదు. రచయితలు తమ యూరి కళాశాలనుండి ఇద్దరు విద్యార్థులనైన వెంటబెట్టుకొని, రాబోవు వేసవిలో ఒక్క గ్రామపు పత్రములనైన వ్రాయించినయెడల, అది భాషకును చరిత్రకును సమానముగా ఉపకరించును.