ఎముకల బలం: పాలగ్లాసు, రాగిజావ

పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, దంతాల్లో ఇమిడి ఉండగా, మిగిలిన ఒక్క శాతం రక్తంలోనూ కణాల్లోనూ ఉండి కండరాల కదలికకు, గుండె లయకు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. ఆహారం ద్వారా చాలినంత అందనప్పుడు శరీరం ఆ లోటును ఎముకల నుంచే పూడ్చుకుంటుంది కనుక, ఏళ్ల తరబడి అదే కొనసాగితే ఎముకలు గుల్లబారుతాయి.

భారతీయ వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల ఆవుపాలలో ఉండేది దాదాపు 120 మిల్లీగ్రాములే అయినా, అందులో సుమారు మూడో వంతును పేగులు గ్రహించుకోగలగడం పాల ప్రత్యేకత. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ అరగనివారికి, సూక్ష్మజీవులు దానిలో కొంత భాగాన్ని ఆమ్లంగా మార్చిన పెరుగు అనువుగా ఉంటుంది.

రాగులని, చోళ్లని, తైదలని ప్రాంతానికొక పేరుతో పిలిచే ధాన్యంలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నప్పటికీ, ఫైటేట్లు అనే పదార్థాలు దానిని పట్టి ఉంచుతాయి. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండితో జావ కాస్తే ఆ పట్టు సడలుతుంది. పాలకూరలోని ఆక్సలేట్లు ఇంతకన్నా గట్టిగా అడ్డుపడతాయి కాబట్టి, కాల్షియం కోసం దానిమీదే ఆధారపడకుండా మునగాకు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు కూడా భోజనంలో చేర్చుకోవాలి. తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే, ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే విటమిన్ డి కూడా తప్పనిసరి.