నీట్ పోతే బైపీసీ దండగేనా?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే అనంతపురం పల్లెల్లో ఒకటే మాట: ‘నీట్‌లో సీటు రాకపోతే బైపీసీ చదివి దండగ.’ దీన్ని నమ్మి, బోరెండిపోయి చెనిక్కాయ పంట చేతికి రాని ఏడాది కూడా అప్పు తెచ్చి పిల్లల్ని మూడోసారి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపుతున్నారు. 2022లో నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితి ఎత్తేశాక ఆగమని చెప్పే నిబంధన కూడా లేకుండా పోయింది.

2024లో నీట్ రాసింది 23 లక్షల మందికి పైగా. దేశమంతటా ఎంబీబీఎస్ సీట్లు లక్షా పది వేల ప్రాంతం. ఇరవై మందిలో ఒక్కరికి. మిగతా పంతొమ్మిది మంది చదివిన జీవశాస్త్రం ఏమైపోవాలి? మనిషి ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పే ఫిజియాలజీ డాక్టర్ల సొత్తని ఎవరు చెప్పారు? కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో ఈ శాఖ 1900లోనే మొదలైంది. కోల్‌కతాలో అది బీఎస్సీ సబ్జెక్టు. 1920లో ఫిజియాలజీ పరిశోధనకే నోబెల్ అందుకున్న ఆగస్ట్ క్రోగ్ చదివింది జంతుశాస్త్రం.

పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మనకు 1991 నుంచి ఉంది. అలాంటి చోట గుండెను ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు ఒంట్లో రక్తాన్ని నడిపే యంత్రాన్ని చూసుకునేది పర్‌ఫ్యూజనిస్టు. డయాలసిస్, అనస్తీషియా టెక్నాలజిస్టులు, రెస్పిరేటరీ థెరపిస్టులు, అందరి చదువుకూ పునాది ఫిజియాలజీయే. ఇలాంటి వృత్తులకు గుర్తింపు, రిజిస్ట్రేషన్ కోసం 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. ఇంకా వాళ్లను ‘కాంపౌండర్లు’ అనడం మానండి.

పరిశోధన వైపు చూస్తే, సైనికుల ఒళ్లు ఎండను, ఎత్తును ఎలా తట్టుకుంటుందో చూడటానికి ఢిల్లీలో 1962 నుంచి డిపాస్ అనే రక్షణ పరిశోధన సంస్థ ఉంది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉపాధి హామీ పథకం 2006లో మొదలైంది మన బండ్లపల్లిలోనే. మే నెల ఎండలో గుంతలు తవ్వే కూలీ ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎంత పోతున్నాయో, ఏ గంటకు పని ఆపాలో తేల్చే చదువు ఈ జిల్లాకు కాక ఇంకెవరికి కావాలి?

‘ఎమ్మెస్సీ ఫిజియాలజీ చేసినా మెడికల్ కాలేజీలో ఉద్యోగం రాదు’ అంటారు. ఇందులో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. ఎంబీబీఎస్ లేని అధ్యాపకులకు ఈ శాఖలో 30 శాతం దాకా ఉన్న వాటాను 2022 నిబంధనలు 15కు కుదించాయి. ఈ వాటా మారుతుంటుంది కాబట్టి ఆ ఒక్క కొలువు మీదే ఆశ పెట్టుకుని ఎమ్మెస్సీలో చేరకండి.

ఇంకో రెండు అపోహలు కూడా ఉన్నాయి. ఫిజియాలజీ, ఫిజియోథెరపీ ఒకటి కావు. ఈ కోర్సులన్నీ ఆడపిల్లల చదువులన్నది వట్టి మాట.

రెండోసారి నీట్ రాయాలనుకుంటే రాయండి, కానీ ఆ ఏడాదే వేరే కోర్సులకూ దరఖాస్తు పెట్టండి. ఫీజు కట్టేముందు మూడు సంగతులు అడగండి: కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కిందుంది, పని నేర్పే ఆసుపత్రి ఏది, ఆ కోర్సు 2021 చట్టం జాబితాలో ఉందా. ప్రవేశ నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ మీరే చదవండి, ఏజెంటు మాట మీద సంతకం పెట్టకండి.