చక్రం చెప్పే లెక్క

డ్రెస్డెన్ నగరంలో త్స్వింగర్ ప్రాసాదాన ప్రాచీన గణిత, భౌతిక పరికరాల ప్రదర్శనశాల ఉన్నది. 1553 నుండి 1586 వరకు శాక్సనీని పాలించిన ఆగస్ట్, బండిచక్రపు చుట్లను లెక్కించే యంత్రంతో తన దేశపు దారులను కొలిచేవాడు. అటువంటి సాధనాలను అక్కడ చూడవచ్చును. నేటి విద్యార్థుల రోబోట్‌లో ఎన్‌కోడర్ చేసే పని కూడా అదే.

మోటారు ఇరుసుకు 500 గీతలున్న బిళ్ళను బిగించి, వాటిని రెండు కాంతిగ్రాహకాలతో గమనిస్తారు. రెండు సంకేతాల నడుమ పావు ఆవృత్తి ఎడం ఉంటుంది గనుక, ఏది ముందు మారినదో చూచి దిశను గ్రహించవచ్చును. ప్రతి మార్పునూ లెక్కిస్తే చుట్టుకు 2000 వస్తుంది.

రోబోట్ వంకరగా నడిస్తే పిల్లలు వెంటనే ప్రోగ్రామును తిరగరాయబూనుతారు. (పెద్దలూ అంతే!) ముందుగా మోటారును ఆపి, ఇరుసును చేతితో పది చుట్లు త్రిప్పాలి. 20,000 రావాలి. లెక్క ముందుకు సాగక ఒక అంకె అటూ ఇటూ ఊగుతుంటే, ఒక సంకేతం అందడం లేదన్నమాట. తీగ ఊడి ఉండవచ్చు. ఓపెన్ కలెక్టర్ రకమైతే పుల్-అప్ రెసిస్టర్ పెట్టడం మరచి ఉండవచ్చు.

చేతితో సరిపోయి, వేగంలోనే తప్పితే లెక్కించే ప్రోగ్రామును శంకించాలి. నిమిషానికి 3000 చుట్లంటే సెకనుకు లక్ష మార్పులు. ఒక్కొక్కదానికి దక్కే వ్యవధి 10 మైక్రోసెకన్లే. ఇరుసు కదలకున్నా, ప్రక్క మోటారు నడిచినపుడు అంకెలు మారితే అది విద్యుత్ రొద. సంకేతపు తీగలను మోటారు తీగలకు దూరంగా జరపాలి.

అన్నీ సరిపోయినా దారి తప్పుతున్నదంటే చక్రం నేలపై జారుతున్నదేమో చూడాలి. ఆ జారుడు ఎన్‌కోడర్‌కు కనబడదు. సుద్దతో గీత గీచి, నడిచిన దూరాన్ని టేపుతో కొలవవలసిందే.