పెళ్లి ఎక్స్‌పోలో ఫొటోగ్రాఫర్ స్టాల్: ఎవరిని ఆపాలి, ఎలా ఆపాలి

పెళ్లి ఎక్స్‌పోకి ఎప్పుడైనా వెళ్లారా? పెద్ద హాలు, చీరలు, నగలు, మెహందీ, క్యాటరింగ్, డెకరేషన్ స్టాల్స్. వాటి మధ్యలో పదీ పన్నెండు మంది ఫొటోగ్రాఫర్లు. అందరి బ్యానర్ మీదా ఒక పెళ్లికూతురే, అందరి టీవీలోనూ స్లో మోషన్ టీజరే. అన్నీ ఒకేలా కనిపిస్తుంటే జనం ఎక్కడ ఆగుతారు? ఆగినవాళ్లలో అడ్వాన్స్ ఇచ్చేది ఎవరు?

మా బాబాయ్‌కి ఖమ్మంలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పోయిన ఆషాఢంలో హైదరాబాద్‌లో ఒక ఎక్స్‌పోలో రెండు రోజులకి స్టాల్ తీసుకున్నాడు. సాయంగా నేనూ వెళ్లాను. ఫోన్ కెమెరాలు వచ్చాక స్టూడియోకి నడిచి వచ్చేవాళ్లు తగ్గిపోయారు, ఇల్లు గడిచేది పెళ్లిళ్ల మీదే. స్టాల్ అద్దె ఆయన చీటీ పాడి కట్టాడు. అందుకే ఆ రెండు రోజులు ఏది పని చేసింది, ఎందుకు చేసింది అన్నది నేను కాస్త శ్రద్ధగానే గమనించా.

ముందు లెక్క చూద్దాం. అద్దె, ప్రింట్లు, ప్రయాణం అన్నీ కలిపి 60,000 అయిందనుకోండి. అసిస్టెంట్ల డబ్బులు, ఆల్బమ్ ఖర్చు పోను ఒక పెళ్లికి 30,000 మిగుల్తుందనుకోండి. రెండు పెళ్లిళ్లు వస్తే పెట్టింది వెనక్కి వస్తుంది, మూడో పెళ్లి నుంచే లాభం. అంటే ఐదొందల మందిని ఆపక్కర్లేదు. సరైన మూడు కుటుంబాలు దొరికితే చాలు.

సరైన కుటుంబం అంటే ఎవరు? ఫొటోగ్రాఫర్ దగ్గర ఉండే అసలు సరుకు తేదీలు. మనకి ఆషాఢంలో, పుష్యంలో పెళ్లిళ్లు చేయరు. మూఢం వస్తే ముహూర్తాలే ఉండవు. ఉన్న కొద్ది మంచి రోజుల్లో ఊరంతా పెళ్లిళ్లే. ఒక్క టీమ్ ఉన్నవాడు ఒక ముహూర్తానికి ఒక్క పెళ్లే చేయగలడు. కాబట్టి స్టాల్లో మొదట అడగాల్సింది "పెళ్లి ఎప్పుడమ్మా? ముహూర్తం పెట్టుకున్నారా?" అని. ఆ రోజు ఖాళీ లేకపోతే అప్పుడే చెప్పేయడం ఇద్దరికీ మంచిది. డీబీఎంఎస్ ల్యాబ్ భాషలో చెప్పాలంటే, ఫోన్ నంబర్ ప్రైమరీ కీ అయితే కావచ్చు గానీ లిస్టుని సార్ట్ చేయాల్సింది ముహూర్తం తేదీ మీద.

తేదీ తర్వాత ఊరు. బాబాయ్ బోర్డు మీద స్టూడియో పేరు కన్నా పెద్ద అక్షరాలతో "ఖమ్మం, కొత్తగూడెం, సత్తుపల్లి పెళ్లిళ్లు" అని రాయించాడు. ఉద్యోగాలు హైదరాబాద్‌లో, పెళ్లి మాత్రం సొంతూళ్లో చేసుకునేవాళ్లు చాలామంది. సిటీ టీమ్‌ని పిలిస్తే రానూపోనూ ఖర్చు, లాడ్జి ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. బోర్డు చూసి చాలామంది ఆగకుండా వెళ్లిపోయారు. ఆగినవాళ్లు మాత్రం "మీది ఖమ్మమా? వైరా రోడ్డులోనా స్టూడియో?" అంటూ వాళ్లే మాట కలిపారు.

ఇక స్టాల్ సర్దడం. టేబుల్‌ని ముందు అడ్డంగా వేస్తే అది గోడలా పని చేస్తుంది, జనం అవతలే నిలబడి చూసి వెళ్లిపోతారు. పక్కకి జరిపితే లోపలికి వస్తారు. నలభై చిన్న ఫొటోల బదులు కంటి ఎత్తులో ఒకటే పెద్ద ఫొటో ఉంటే దూరం నుంచి కనిపిస్తుంది. హాలు లైట్లకి గ్లాసీ ప్రింట్ మీద వెలుగు పడి మెరుస్తుంది, మ్యాట్ అయితే ఆ గొడవ లేదు. రెండు కుర్చీలు తప్పనిసరి, అవి మనకి కాదు. నాలుగు గంటలు తిరిగి కాళ్లు నొప్పులతో వచ్చే అమ్మలకీ అమ్మమ్మలకీ. పెద్దావిడ కూర్చుంటే కుటుంబం మొత్తం ఆగుతుంది.

కూర్చున్నవాళ్ల చేతిలో ఏం పెట్టాలి? ఇరవై పెళ్లిళ్ల నుంచి ఏరిన బెస్ట్ ఫొటోలు కాదు, ఒక్క పెళ్లి ఆల్బమ్ మొదటి నుంచి చివరి దాకా. బెస్ట్ ఫొటో ఎవరికైనా ఒకటి పడుతుంది. రాత్రి రెండింటి ముహూర్తంలో, ఒకవైపు పసుపు లైట్లు, ఇంకోవైపు ఊదారంగు ఎల్‌ఈడీ వెలుగులో మొహాల రంగు పాడవకుండా తీశాడా లేదా అన్నది పూర్తి ఆల్బమ్‌లోనే తెలుస్తుంది. జీలకర్ర బెల్లం క్షణం మళ్లీ రాదు. అడ్డుతెర, పురోహితుడు, వీడియో అబ్బాయి, ఇంతమంది మధ్యలోంచి ఇద్దరి చేతులూ కనిపించేలా తీశాడంటే పని తెలిసినవాడే.

ఒక కుటుంబం వచ్చిందంటే నిజానికి ముగ్గురు కస్టమర్లు వచ్చినట్టు. పెళ్లికూతురు క్యాండిడ్ ఫొటోలు, రీల్స్ చూస్తుంది. నాన్న ప్యాకేజీలో ఏమేం వస్తాయి, ఆల్బమ్ ఎన్ని రోజులకిస్తారు అంటాడు. అమ్మ అడిగేది ఒకటే: "మా చుట్టాలందరూ పడతారా బాబూ?" క్యాండిడ్ ఒక్కటే చూపిస్తే అమ్మకి నమ్మకం కుదరదు. అందుకే స్టేజీ మీద గ్రూప్ ఫొటోల పేజీలు ఆల్బమ్‌లో ఉండాలి. ఎంతమంది టీమ్, ఎన్ని షీట్లు, ఎన్ని రోజులు, ఎంత రేటు అన్నది ఒక కాగితం మీద ముందే అచ్చు వేసి ఉండాలి.

లక్కీ డ్రాలో ఒక చిక్కుంది. ప్రైజ్‌గా ఫ్రీ వెడ్డింగ్ షూట్ పెడితే, బుక్ చేద్దామనుకున్నవాళ్లు కూడా డ్రా తేలేదాకా ఆగుతారు. పెళ్లి లేనివాళ్లు కూడా చీటీ వేస్తారు. బుక్ చేసినవాళ్లకే పనికొచ్చే పెద్ద ఫ్రేమ్ లాంటిది పెట్టి, చీటీలో ముహూర్తం తేదీ అడిగితే ఆ బెడద తగ్గుతుంది.

క్యూఆర్ కోడ్ మన సబ్జెక్టు కాబట్టి రెండు మాటలు. దీన్ని 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీ తయారు చేసింది. ఎర్రర్ కరెక్షన్ హెచ్ లెవెల్‌లో పెడితే సుమారు 30 శాతం పాడైనా చదవగలదు, అందుకే మధ్యలో చిన్న లోగో పెట్టినా నడుస్తుంది. చుట్టూ నాలుగు గళ్ల వెడల్పు ఖాళీ అంచు మాత్రం ఉండాల్సిందే. రెండు మీటర్ల దూరం నుంచి స్కాన్ అవ్వాలంటే కోడ్ సుమారు 20 సెంటీమీటర్లు ఉండాలి. జనం నిండిన హాల్లో నెట్ మొరాయిస్తుంది, కాబట్టి వీడియోలు ట్యాబ్‌లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

అసలు పని స్టాల్ మూసేశాక మొదలవుతుంది. ఆ రాత్రికే మెసేజ్ వెళ్లాలి, అందరికీ ఒకే మెసేజ్ కాకుండా. "మీరు తలంబ్రాల పేజీ దగ్గర ఆగి అడిగారు కదా, మీ తేదీ మాకు ఖాళీగానే ఉంది" అని రాస్తే వాళ్లకి మనం గుర్తొస్తాం. నంబర్ తీసుకునేటప్పుడే ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకోవాలి. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం చెప్పేదీ అదే. బాబాయ్‌కి హాల్లో అందిన అడ్వాన్స్ ఒకటే. ఇంకో రెండు తర్వాతి పది రోజుల్లో ఈ మెసేజ్‌లకి జవాబుగా వచ్చాయి.

ఇంకొక్క విషయం. టేబుల్ మీద పెట్టిన ఆల్బమ్ ఎవరింటి పెళ్లిదో. బాబాయ్ ముందుగా ఆ కుటుంబానికి ఫోన్ చేసి అడిగాడు. పెళ్లికూతురి అమ్మ సరేనంది గానీ, అప్పగింతల్లో తను ఏడుస్తున్న పేజీ మాత్రం చూపించొద్దంది. ఆ పేజీని తెల్ల కాగితంతో కప్పేశాం. ఆల్బమ్ తిరగేసే ప్రతి అమ్మా అక్కడ ఆగి "ఇదేంటి?" అని అడిగేది. "ఆవిడ చూపించొద్దన్నారండి" అని బాబాయ్ చెప్పేవాడు. ఒకావిడ ఆ కాగితాన్ని కాసేపు చూసి, కూతురి వైపు తిరిగి "మనం కూడా వద్దంటే చూపించరన్నమాట" అంది. హాల్లో అందిన ఆ ఒక్క అడ్వాన్స్ వాళ్లదే.